ఇంట్లో చదివే పిల్లలకు చూచిరాత: వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాపకు ఏడేళ్లు, బాబుకు ఐదేళ్లు. ఇద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారు, తెలుగు, ఇంగ్లీషు రెండూ నేర్పుతున్నారు. దస్తూరి కుదరాలంటే రోజూ రెండు పేజీలు చూచిరాత రాయించాల్సిందేనని ఒకరన్నారు, వారానికి రెండుసార్లు చాలని ఇంకొకరన్నారు. మీరు మూడు నెలలుగా రోజూ రెండు పేజీలు రాయిస్తున్నారు. రాత బాగుపడకపోగా, పుస్తకం తీయగానే పాప ఏడుపు అందుకుంటోంది. అసలు ఎన్నిసార్లు రాయించాలి?

సూటిగా చెప్తాను. పాపకు వారానికి నాలుగైదు రోజులు, రోజుకు పది నిమిషాలు, రెండు మూడు వరుసలు. అంతే. పేజీల లెక్క మానేయండి. బాబుకు చూచిరాత ఇంకా వద్దు. వాడి చేతికి ముందు వేరే పని ఉంది, అది కింద రాస్తాను. ఈ పది నిమిషాలూ మీరు పాప పక్కనే కూర్చోవాలి. అసలు సంగతి అక్కడే ఉంది. "ఇవి రాసేయమ్మా, నేను వంట చూసుకుని వస్తా" అని వెళ్లిపోతే, వారానికి ఎన్ని రోజులు రాయించినా పెద్దగా తేడా రాదు.

నేను మా ఇద్దరు పిల్లల్నీ ఇంట్లోనే చదివించాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా, ఇలాగే ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు రాయడం నేర్పుతున్నాను. కాబట్టి ఇక్కడ చెప్పేది చాలావరకు నా చేతిమీదుగా నడిచినదే. అందులో నేను చేసిన తప్పు ఒకటి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఇప్పుడు చేస్తున్నదీ అదే.

మా పెద్దవాడికి ఏడేళ్లప్పుడు నేనూ పేజీల లెక్కనే రాయించాను. పైన ఒక వాక్యం నేను రాసిచ్చేదాన్ని, దాన్ని పేజీ నిండా వాడు రాయాలి. ఆ నోటుబుక్కు ఇప్పటికీ దాచుకున్నాను. ఒక పేజీలో "పిల్లలు చెట్టు కింద ఆడుకున్నారు" అని పన్నెండుసార్లు ఉంది. మొదటి వరుస ముచ్చటగా ఉంది. రెండో వరుసా బాగుంది. మూడో వరుసలో అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి, నాలుగులో గీత దాటాయి. ఐదో వరుసలో "చెట్టు" కింద ఒత్తు పోయి "చెటు" అయింది. అక్కడి నుంచి పన్నెండో వరుస దాకా అన్నీ "చెటు"లే. వాడు పైన నేను రాసిన వాక్యాన్ని చూడటం మూడో వరుసకే మానేశాడు. తన పై వరుసను చూసి కింది వరుస రాసుకుంటూ పోయాడు. పై వరుసలో తప్పుంటే కింద కూడా అదే తప్పు. నాలుగుసార్లు ఒప్పు రాశాడు, ఎనిమిదిసార్లు తప్పు రాశాడు. సాధన దేనికి ఎక్కువ జరిగినట్టు?

మీ పాప పాత పేజీలు తీసి ఇదే పని చేయండి. ఏ వరుస దగ్గర రాత జారిందో వేలు పెట్టి చూడండి. చాలామంది ఆరేడేళ్ల పిల్లలకు అది మూడు నుంచి ఐదో వరుసల మధ్యే ఉంటుంది. ఆ వరుసకు ముందే ఆపాలి. నేను చెప్పిన పది నిమిషాలు, రెండు మూడు వరుసలు అలా వచ్చినవే. మీ పాపకు అది రెండో వరుస దగ్గరే అయితే ఒక్క వరుసే రాయించండి, ఆరో వరుస దాకా నిలకడగా రాస్తుంటే నాలుగు రాయించండి. గడియారం ఒక అంచనా మాత్రమే, అసలు కొలత పేజీలోనే కనిపిస్తుంది.

ఇంకో విషయం కూడా చూడండి. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి పేజీ నింపే పనిని త్వరగా ముగించడానికి ఒక దారి కనిపెట్టింది. మొదటి మాటలో మొదటి అక్షరాన్ని పై నుంచి కిందకి అన్ని వరుసల్లోనూ రాసేసేది. తర్వాత రెండో అక్షరం, తర్వాత మూడోది, నిలువునా. చూడటానికి పేజీ శుభ్రంగానే ఉంటుంది. కానీ ఆ పిల్ల ఒక్క మాట కూడా మాటగా రాయలేదు. పెద్దవాళ్లు పక్కన లేని ఇళ్లలో పిల్లలు ఇలా చేయడం మామూలే. ఇది సోమరితనం అనుకోకండి. పేజీ నింపమన్నాం, నింపింది.

మరి వారానికి నాలుగైదు రోజులు ఎందుకు, ఆదివారం ఒక గంట కూర్చోబెడితే పోదా? పోదు. అక్షరం రాయడం అంటే చేతికి ఒక కదలిక అలవాటు కావడం, ఈత లాంటిది, సైకిల్ తొక్కడం లాంటిది. ఇలాంటివి ఒకేసారి గంటసేపు చేస్తే వచ్చేదానికంటే, అదే గంటను రోజుకు పది నిమిషాల చొప్పున పంచితే బాగా వస్తాయి. మధ్యలో దొరికే విరామం, రాత్రి నిద్ర కూడా ఆ అలవాటును గట్టిపరుస్తాయి. నిన్న తడబడిన 'ఖ' ఇవాళ పొద్దున మొదటి వరుసలోనే తేలిగ్గా రావడం మీరే గమనిస్తారు.

ఇంత శ్రద్ధ దేనికంటే, చేతిరాత అందంగా ఉండటం ఒక్కటే కాదు కారణం. అక్షరం ఆలోచించకుండా చేతిలోంచి వచ్చేయాలి. అప్పుడే బుర్ర, ఏం రాయాలన్నదాని మీద నిలుస్తుంది. 'ఘ' ఎక్కడ మొదలుపెట్టాలా అని మధ్యలో ఆగిన పిల్ల, రాయాలనుకున్న వాక్యాన్ని ఆ లోపే మర్చిపోతుంది. నోటితో గడగడా కథ చెప్పే పిల్లలు కాగితం మీద రెండు ముక్కలు రాసి ఆపేయడానికి చాలాసార్లు కారణం ఇదే. కథ లేక కాదు, చేయి వెనకబడి.

ఇంట్లో చదువు చెప్పేవాళ్లలో చాలామంది షార్లెట్ మేసన్ పేరు విని ఉంటారు. చూచిరాతను చదువులో ముఖ్యమైన భాగంగా చెప్పిన ఆంగ్ల విద్యావేత్త ఆవిడ (1842-1923). పేజీలకు పేజీలు రాయించేవాళ్లు కూడా ఆవిడ పేరే చెప్తుంటారు, కానీ ఆవిడ చెప్పింది దానికి వ్యతిరేకం. రాత నేర్చుకునే పాఠం ఐదు పది నిమిషాలు మించకూడదనీ, ప్రతి పాఠంలోనూ ఒక్క గీతైనా సరే, ఒక్క అక్షరమైనా సరే, లోపం లేకుండా రాయించాలనీ ఆవిడ మాట. వాక్యాలు చూసి రాసే పని కూడా ఏడెనిమిదేళ్ల వయసు నుంచి మొదలుపెట్టమన్నారు. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది.

చూసి రాయడం కంటే చూసి, మూసి, రాయడం మేలు. 1997లో వర్జీనియా బెర్నింజర్ బృందం అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించింది. చేతిరాతలో ఇబ్బంది పడే 144 మంది ఒకటో తరగతి పిల్లల్ని గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో పద్ధతిలో అక్షరాలు నేర్పారు. ఒక గుంపు ఊరికే చూసి రాసింది. ఇంకో గుంపుకు, ఏ గీత ముందు ఏ గీత తర్వాత అని అంకెలు వేసిన బాణాలతో అక్షరాన్ని చూపించి, దాన్ని మూసేసి, గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. అన్నిటికంటే బాగా పనిచేసింది ఈ బాణాలు చూసి, మూసి రాసే పద్ధతి. ఆ పిల్లలకు అక్షరాలతో పాటు సొంతంగా రాయడంలోనూ వేగం వచ్చింది. ఇది చదివినప్పటి నుంచి నేను చూచిరాత రాయించే తీరే మార్చుకున్నాను.

ఇప్పుడు నా పది నిమిషాలు ఇలా నడుస్తాయి. వాక్యాన్ని పిల్ల పైకి చదవాలి, అర్థం తెలియని మాట ఉంటే మాట్లాడుకుంటాం. తర్వాత ఇందులో నీకు కష్టమైన మాట ఏదీ అని అడుగుతాను. ఉదాహరణకు "వర్షం" అంటుంది. 'ష' ఒత్తు 'ర' కింద పెట్టాలా, పక్కన పెట్టాలా అని అనుమానం. నేను పక్క కాగితం మీద ఆ మాట నెమ్మదిగా రాస్తాను, పిల్ల నా చేతిని చూస్తుంది. ఆ తర్వాత కాగితం బోర్లించేస్తాను. కళ్లు మూసుకుని ఆ మాట గాల్లో వేలితో ఒకసారి రాసి, అప్పుడు పుస్తకంలో రాయాలి. మాట మాటకీ ఇంతే: చూడు, దాచు, రాయి, సరిచూసుకో. మొదట్లో ఒక వాక్యానికే పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. అక్షరం అక్షరానికీ తలెత్తి చూసి బొమ్మ గీసినట్టు దించేసే పిల్ల, నెల తిరిగేసరికి మూడేసి మాటలు ఒకేసారి గుర్తుపెట్టుకుని రాయడం మొదలుపెడుతుంది. స్పెల్లింగ్ కూడా దానంతటదే కుదురుకుంటుంది.

చివర్లో, "ఈ వరుసలో నీకు బాగా నచ్చిన అక్షరం చుట్టూ సున్నా చుట్టు" అంటాను. నేను ఎర్ర పెన్ను పట్టను. తన 'మ'లన్నింటిలో ఏది బాగుందో ఎంచాలంటే ఆ పిల్ల మిగతా 'మ'లను కూడా పరీక్షగా చూడాలి కదా. ఏది బాగోలేదో మనం చెప్పక్కర్లేదు, తనకే కనిపిస్తుంది. తప్పు దిద్దాల్సి వస్తే ఒక రోజుకు ఒక్కటే. ఈ వారం తలకట్టు, వచ్చే వారం మాటల మధ్య ఖాళీ. అన్నీ ఒకేసారి చెప్తే పిల్ల చెవికి "నీకు రాయడం రాదు" అన్న మాటొక్కటే ఎక్కుతుంది.

పక్కన కూర్చోమన్నది ఎందుకంటే, రాసేసిన అక్షరాన్ని చూస్తే అది ఎలా రాశారో తెలియదు. 'ఠ'ను ఒక రోజు కుడి నుంచి, ఇంకో రోజు ఎడమ నుంచి తిప్పే పిల్లలుంటారు. తలకట్టు ఒకసారి ముందు పెడతారు, ఒకసారి అక్షరమంతా అయ్యాక పెడతారు. ఆకారం సరిగ్గానే కనిపిస్తుంది, కానీ ప్రతిసారీ దారి మారుతుంటే చేతికి అలవాటు కుదరదు, వేగం ఎప్పటికీ రాదు. మీ ఇంట్లో ఏ దారి నేర్పితే ఆ దారినే నిలబెట్టండి. తెలుగులో 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు దగ్గరే కాబట్టి, అది ఎక్కడ తగలాలో ఎక్కడ తగలకూడదో మీరు చూస్తుండగా రాయడం ముఖ్యం. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఏ, డి, జి, ఓ, క్యూ ఐదూ ఎడమ వైపుకు తిరిగే ఒకే చుట్టుతో మొదలవుతాయి. బి మాత్రం నిలువు గీతతో మొదలవుతుంది. డి చుట్టుతో, బి గీతతో అని చేతికి అలవాటైతే ఆ రెండూ తారుమారవడం చాలా తగ్గుతుంది. ఏడేళ్ల లోపు అవి అప్పుడప్పుడూ తిరగబడటం మామూలే, దానికి కంగారు పడొద్దు.

రెండు భాషలూ నేర్పుతున్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. రెండు లిపులూ ఒకే రోజు వద్దు, కనీసం మొదటి ఏడాది. మూడు రోజులు ఒకటి, రెండు రోజులు రెండోది. ఏది వెనకబడి ఉంటే దానికి మూడు. నాలుగు గీతల పుస్తకం ఇంగ్లీషుకే, తెలుగుకు అది పనికిరాదు. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇరుకు గీతల మీద రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది, పిల్ల చోటు చాలక ఒత్తును పక్కకు నెడుతుంది. వెడల్పు గీతల పుస్తకం తీసుకుని, వరుస విడిచి వరుస రాయించండి. చాలామంది పిల్లల తెలుగు రాత ఈ ఒక్క మార్పుతోనే విప్పారుతుంది.

ఏం రాయించాలి? పాపకు నచ్చినదే. పొడుపు కథలు నా పిల్లలందరికీ ఇష్టం, ఇవాళ ప్రశ్న రాస్తే రేపు జవాబు. నాలుగు పాదాల శతక పద్యం రోజుకో పాదం చొప్పున నాలుగు రోజులకు సరిపోతుంది, వారం తిరిగేసరికి నోటికీ వచ్చేస్తుంది. అన్నిటికంటే బాగా నడిచేది పాప నోటి మాటే. నిన్న తను మీకు చెప్పిన ఒక వాక్యం, "పిల్లి మెట్ల మీద నుంచి నన్నే చూసింది" లాంటిది, మీరు శుభ్రంగా రాసిపెట్టండి. తన మాటలు పుస్తకంలో కనబడితే పిల్లల ముఖం వెలిగిపోతుంది. నమూనా అచ్చులో కాకుండా మీ చేత్తో రాసింది ఉండాలి. ముఖ్యంగా ఇంగ్లీషులో అచ్చు ఏ, జి వేరుగా ఉంటాయి, మనం చేత్తో రాసేవి వేరు. రాసే గీతకు సరిగ్గా పైనే నమూనా ఉంటే కంటికి సులువు. దూరంగా బోర్డు మీద చూసి రాయడం ఈ వయసుకు చాలా కష్టమైన పని.

ఇక ఏడుపు గురించి. మూడు నెలల తర్వాత పుస్తకం చూడగానే ఏడుస్తోందంటే, రెండు పేజీలే కారణం అయ్యుండొచ్చు. కానీ శరీరం వైపు కూడా ఒకసారి చూడండి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతున్నాయా? గాల్లో వేలాడుతుంటే కాళ్ల కింద పీటో పెట్టెనో పెట్టండి. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఐదు నిమిషాలకే మెలికలు తిరిగి బల్ల మీద వాలిపోయేది. కాళ్ల కింద చెక్కపెట్టె పెట్టాక మూడో రోజుకల్లా నిటారుగా కూర్చుంది. బల్ల మోచేతుల ఎత్తున ఉండాలి. పెన్సిల్ పట్టు బిగుసుకుపోయి వేలి గోళ్లు తెల్లబడుతున్నాయేమో, నొక్కి రాయడం వల్ల వెనక పేజీ మీద అచ్చు పడుతోందేమో చూడండి. అలా ఉంటే చేయి నొప్పి పుడుతోందని అర్థం. పిల్లలు నొప్పి అని చెప్పరు, రాయనంటారు. చిన్న పెన్సిల్ ముక్క ఇస్తే గుప్పెటతో పట్టుకోవడానికి చోటు ఉండదు, వేళ్లతోనే పట్టుకుంటారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పట్టే పట్టు మంచిదే, ఉంగరపువేలు కూడా కలిసినా ఇబ్బంది లేదు. చేయి నొప్పి లేకుండా, రాత చదవగలిగేలా ఉంటే పట్టును మార్చడానికి యుద్ధం చేయకండి.

మీరు చెప్పలేదు కానీ, పాప ఎడమచేతి వాటమైతే నమూనాను ఎడమ పక్కన పెట్టొద్దు, రాస్తున్న చేయి దాన్ని కప్పేస్తుంది. పైన గానీ కుడి పక్కన గానీ పెట్టండి. కాగితం పై అంచు కుడి వైపుకు ఒరగాలి, కుడిచేతి పిల్లలకు ఎడమ వైపుకు. పెన్సిల్‌ను మొన నుంచి కొంచెం పైకి పట్టిస్తే తను రాసేది తనకు కనిపిస్తుంది, చేయి ఆ గీతల్ని చెరపదు.

కొన్నిసార్లు ఇవేవీ సరిపోవు. ఎనిమిదేళ్లు దాటాక కూడా, మూడు నాలుగు నెలలు ఇలా కొద్దికొద్దిగా పక్కన కూర్చుని రాయించినా ఒకే అక్షరం ప్రతిసారీ ఒక్కో ఆకారంలో వస్తుంటే, గీత మీద నిలపలేకపోతుంటే, నోటితో బ్రహ్మాండంగా చెప్పే పిల్ల రెండు వాక్యాలు రాయడానికి అరగంట నలిగిపోతుంటే, ఇంకా ఎక్కువ రాయించడం దానికి మందు కాదు. ముందు కళ్లు పరీక్ష చేయించండి, తర్వాత పిల్లలతో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రాయడం లాంటి రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే నిపుణులు) చూపించండి. డిస్‌గ్రాఫియా, అంటే ఎంత సాధన చేసినా రాయడం కుదరని ఇబ్బంది, నిజంగా ఉంటుంది, తెలివైన పిల్లల్లోనూ ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి విషయంలో "ఇంకొంచెం సాధన చేస్తే వస్తుంది" అంటూ నేను ఏడాది జాప్యం చేశాను. ఆ ఏడాది వాడు ఎంత నలిగాడో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీకు అనుమానం ఉంటే ఆగకండి.

ఇప్పుడు మీ బాబు. ఐదేళ్లకు చేతివేళ్ల బలం, కంటికీ చేతికీ పొందిక ఇంకా తయారవుతూ ఉంటాయి. వాడికి రోజూ ఒక ఐదు నిమిషాలు పెద్ద పెద్ద గీతలు చాలు: గోడకున్న బోర్డు మీద చిన్న సుద్దముక్కతో నిలువు గీతలు, అడ్డ గీతలు, సున్నాలు, చుట్లు. నిలువుగా ఉన్న బోర్డు మీద గీస్తే మణికట్టుకూ భుజానికీ బలం వస్తుంది. మట్టితో బొమ్మలు, కత్తెరతో కాగితం కత్తిరించడం, పూసలు గుచ్చడం, ఇవన్నీ రాతకు సిద్ధం చేసేవే. 1907లో రోమ్‌లో చిన్నపిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లలు వేలితో దిద్దుతూ, ఆ అక్షరం ధ్వనిని పలికేలా చేశారు. ఇంట్లోనూ గరుకు కాగితం కత్తిరించి అట్ట మీద అంటిస్తే సరిపోతుంది. లేదా పళ్లెంలో ఇసుక పరిచి వేలితో రాయించండి. కూడిక గుర్తు, చతురస్రం చూసి గీయగలిగి, తన పేరు రాయాలని తనే అడుగుతుంటే, త్రిభుజం మూలలు కూడా కుదురుతుంటే, అప్పుడు వారానికి మూడు రోజులు, రోజుకు ఒకటి రెండు అక్షరాలతో మొదలుపెట్టండి. ఆరు దాటాకే ఆ సమయం వచ్చినా నష్టమేమీ లేదు. అక్క రాస్తోంది కదా అని వాడినీ పక్కన కూర్చోబెట్టి లాగకండి. తనంతట తాను వచ్చి కూర్చుంటే మాత్రం కాగితం, రంగులు ఇవ్వండి.

పాప పెద్దదయ్యే కొద్దీ ఈ లెక్క మారుతుంది. తొమ్మిదేళ్లకు రాత కుదిరి ఉంటే వారానికి మూడు రోజులు, పదిహేను నిమిషాలు. అప్పుడు చూచిరాత పని వేరు: కామా ఎక్కడ పడింది, సంభాషణ ఎలా రాశారు, పొడవాటి వాక్యం ఎక్కడ ఆగింది. ఒకటి రెండు రోజులు చెప్పిరాతకు మార్చొచ్చు. పదకొండు పన్నెండేళ్లకు వారానికి ఒకటి రెండుసార్లు, తనకు నచ్చిన వాక్యాలు తన సొంత పుస్తకంలోకి ఎత్తి రాసుకుంటే చాలు. మీకు వారానికి రెండుసార్లు చాలని చెప్పినవాళ్లు బహుశా పెద్దపిల్లల అమ్మో నాన్నో అయ్యుంటారు. వాళ్ల మాట తప్పు కాదు. నన్నడిగితే, రోజూ ఒంటరిగా రాసే రెండు పేజీల కంటే వారానికి రెండుసార్లు అమ్మ పక్కనుండగా రాసే రెండు వరుసలే నయం. మీకు నిజంగా నాలుగు రోజులు కుదరకపోతే మూడు చేయండి.

చిన్న చిన్నవి మరికొన్ని:

ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు రాయించకండి. జ్వరం, ప్రయాణం, చుట్టాలు, ఇవన్నీ ఉంటాయి. వారం ఆగినా చేయి మర్చిపోదు. తిరిగి మొదలుపెట్టిన రోజు మాత్రం ఒక్క వరుసతో మొదలుపెట్టండి.

శిక్షగా ఎప్పుడూ రాయించొద్దు. అల్లరి చేసినందుకు యాభైసార్లు రాయమంటే, పెన్సిల్ అంటేనే శిక్ష అన్న భావం పడిపోతుంది. దాన్ని తుడిచేయడానికి నాకు ఒక్కో పిల్లతో నెలలు పట్టింది.

నిజమైన రాత ఉన్న రోజు చూచిరాతకు సెలవు. అమ్మమ్మకు ఉత్తరం రాసింది, ఊరికి తీసుకెళ్లాల్సిన వస్తువుల జాబితా రాసింది అనుకోండి, ఆ రోజు పని అయిపోయినట్టే.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. చూచిరాత చేతికి సాధన. అది రచన కాదు. ఈ ఏడాది పాప ఆలోచనలన్నీ తన రాత వేగానికి కట్టేయకండి. చదివిన కథను నోటితో తిరిగి చెప్పమనండి, తను చెప్తుంటే మీరు రాయండి. చేయి ఇంకా రెండు వరుసల దగ్గరే ఉండొచ్చు, మాట మాత్రం రెండు పేజీలు పరిగెత్తగలదు. రెండూ కలిసే రోజు తొమ్మిది పదేళ్లకు వస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు మాత్రం వెంటనే వద్దు. మూడు నెలలు ఏడ్చిన పిల్లకు ఒక వారం పూర్తిగా సెలవివ్వండి, ఆ పుస్తకాన్ని కనబడకుండా తీసేయండి. ఇంతకాలం ఎక్కువ రాయించాను, ఇక అలా చేయనని పాపకు చెప్పండి, పిల్లలు ఆ మాటను బాగా గుర్తుపెట్టుకుంటారు. తర్వాతి సోమవారం కొత్త పుస్తకం, తనే ఎంచుకున్న పెన్సిల్, తను చెప్పిన ఒకే ఒక్క వాక్యం. ఐదు నిమిషాలకే ఆపేయండి, "ఇంకోటి రాస్తా" అన్నా సరే రేపు రాద్దువులే అనండి. రెండో వారానికి పది నిమిషాలు. మొదటి పేజీ మీద తేదీ వేసి ఉంచండి. నెల తర్వాత దాన్నీ ఆ రోజు పేజీనీ పక్కపక్కన పెట్టి, ఏది బాగుందో పాపనే చెప్పమనండి.